నా కోడీ, నా కుంపటీ

"నా కోడీ, నా కుంపటీ లేకపోతే ఊరికి తెల్లారదు" అనుకుందట వెనకటికో ముసలమ్మ. ఆవిడ్ని తల్చుకుని తరతరాలుగా నవ్వుకుంటున్నాం. కానీ ఆ సామెతలో 'నా' అన్న మాటను ఎంతమంది గమనించారు? పొలం మామగారిది, ఎడ్లు భర్తవి, ఇల్లు కొడుకుది. ఆ ముసలమ్మ నోరారా 'నాది' అనగలిగినవి రెండే రెండు. అందులో ఒకటి కోడి!

కోడికి అసలు పుట్టిల్లు ఆగ్నేయాసియా అడవులు. వరి పండించే ఊళ్ళలో అది మనిషికి మచ్చికై సుమారు మూడున్నర వేల ఏళ్ళయిందని 2022లో వెలువడిన పరిశోధన చెబుతోంది. గింజలు రాలిన చోటికి అడవికోడి తనంతట తానే వచ్చి చేరిందట. వడ్లు దంచి చెరిగే చేతులు ఎవరివో నేను చెప్పాలా? ఇంకో ముచ్చట. కోడి చర్మానికి పసుపు వన్నె తెచ్చే జన్యువు మన దేశపు బూడిదరంగు అడవికోడి నుంచి వచ్చిందని 2008లో తేలింది. పుట్టిల్లు ఎక్కడైనా, పసుపు పెట్టింది మాత్రం మనవాళ్ళేనన్నమాట!

ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల పల్లెల్లో కోడి పెంపకానికి పెట్టుబడి అంటూ పెద్దగా ఉండేది కాదు. పొద్దున్నే గంప ఎత్తి గుప్పెడు నూకలో జొన్నలో చల్లితే చాలు, మిగతా తిండి అదే వెతుక్కుంటుంది. పిల్లలకు బలం రావాలంటే పేడా గడ్డీ కుక్కిన పాతకుండను తడిపి రాత్రి నేలమీద బోర్లించాలి. తెల్లారేసరికి చెదలు పడతాయి. అంతకుమించిన దాణా లేదు. చుట్టం వచ్చినా, పోచమ్మకు మొక్కు తీర్చాలన్నా ఆ కోడే. పిల్లాడికి జ్వరమొస్తే మందుల ఖర్చుకు అమ్మేదీ దాన్నే. ఆ డబ్బుకు లెక్క అడిగేవాళ్ళు లేరు.

అయితే ఆ 'నా' అన్న మాట మీద అందరి కళ్ళూ పడ్డాయి. గద్దలూ పిల్లుల సంగతి అలా ఉంచండి.

మొదట పడ్డది దొరల కన్ను. నిజాం రాజ్యంలో ఊరికి అధికారి వస్తే వెట్టిలో భాగంగా కోళ్ళు పట్టి ఇవ్వాల్సిందే. వెట్టి అంటే పొలం పని ఒక్కటే అనుకుంటాం. ఇల్లాలి గంప కిందికి కూడా ఆ చెయ్యి దూరింది. 1946 నుంచి 1951 దాకా సాగిన తెలంగాణ సాయుధ పోరాటం వెనుక ఇలాంటి కడుపుమంటలు ఎన్నో.

రెండోది కొక్కెర తెగులు. ఇంగ్లండులో న్యూకాసిల్ దగ్గర 1926లో బయటపడింది, ఆ వెంటనే మన రాణిఖేత్‌లో కనిపించి ఆ ఊరి పేరే తెచ్చుకుంది. సోకిందంటే నాలుగు రోజుల్లో గూడు ఖాళీ. దీనికి టీకా ఎప్పుడో వచ్చింది. చిక్కల్లా సీసాతోనే. ఒక సీసాలో వందా అంతకుమించి కోళ్ళకు సరిపడా మందు ఉంటుంది, కలిపాక కొద్ది గంటల్లో వాడెయ్యాలి. పది కోళ్ళున్న ఇల్లాలికి అది కుదరదు. వాడకట్టు ఆడవాళ్ళంతా ఒకే రోజు వేయించుకుంటేనే సాధ్యం.

మూడోది కంపెనీ. దీని కథ చిత్రంగా ఉంటుంది. అమెరికాలో సెసిల్ స్టీల్ అనే ఇల్లాలు 1923లో గుడ్ల కోసం 50 కోడిపిల్లలు కావాలని రాస్తే పొరపాటున 500 వచ్చి పడ్డాయి. ఆవిడ బెదరలేదు. పెంచి మాంసానికి అమ్మింది. లాభం చూసి 1926కల్లా పదివేల పిల్లలకు సరిపడే షెడ్డు వేయించింది! అంత పెద్ద బ్రాయిలర్ పరిశ్రమ అలా ఓ ఇల్లాలి పెరట్లో మొదలై కంపెనీల చేతికి పోయింది. మన దేశంలో తెలుగువాడైన బి.వి. రావు 1971లో పుణెలో వెంకటేశ్వర హేచరీస్ స్థాపించాక ఆ గాలి ఊపందుకుంది. నాటుకోడి ఐదారు నెలలు తిరిగినా తూగని రెండు కిలోలు బ్రాయిలర్ ఆరు వారాల్లోనే తూగుతుంది. పండక్కో అల్లుడికో తప్ప దొరకని కూర వారం వారం వండుకుంటున్నాం, కాదనను. కానీ పిల్లలు కంపెనీవి, దాణా కంపెనీది, కోడి కూడా కంపెనీదే. పెంచినవాళ్ళకు మిగిలేది కిలోకింత అన్న కూలి.

ఇప్పుడు గాలి మళ్ళీ తిరిగింది. మందులతో పెంచిన కోడి అంటే భయం పట్టుకుంది. మనుషులకు ఆఖరి ఆసరాగా దాచుకునే కొలిస్టిన్ మందును కోళ్ళకు వాడకుండా 2019లో ప్రభుత్వం నిషేధించాల్సి వచ్చింది. దాంతో పట్నంలో 'సేంద్రియ కోడి' అన్న బోర్డులు వెలిశాయి. అన్నట్టు, నాటుకోళ్ళన్నీ సేంద్రియం కావు సుమా! సేంద్రియం అనాలంటే దాణా కూడా మందులు కొట్టని పంటే అయ్యుండాలి. పురుగుమందు కొట్టిన ఆదిలాబాద్ పత్తిచేలో పురుగులు ఏరుకున్న కోడినీ, ఎరువులు గుప్పించి పండించిన కరీంనగర్ మక్కలు తిన్న కోడినీ అలా అనలేం. టీకా మాత్రం వేయించవచ్చు, దానికి అభ్యంతరం లేదు.

పెరటి పెంపకానికి సాయం లేకపోలేదు. రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధన సంస్థ పెరట్లో తిరిగి బతికే వనరాజా రకాన్ని తయారు చేసింది. నాటుకోడికన్నా త్వరగా ఎదుగుతుంది, గుడ్లూ ఎక్కువే పెడుతుంది. కానీ తనంతట తాను పొదగదు. కనక పాత నాటుపెట్టను ఇంట్లోంచి తరిమెయ్యకూడదు.

నా బెంగంతా వేరు. కోడికి ధర లేనన్నాళ్ళూ అది ఆడవాళ్ళ పని. ధర పలికితే షెడ్డు, అప్పు, సంతకం అన్నీ మగవాళ్ళ పేర నడుస్తాయి. సేంద్రియం పేరుతో ధర పెరుగుతున్న ఈ రోజుల్లో మహిళా సంఘాలు టీకాకు కలిసినట్టే దాణాకూ అమ్మకానికీ కలవాలి, ఖాతా ఇల్లాలి పేరనే ఉండాలి. పల్లెకు వెళ్ళినప్పుడు కోడి కొంటే మీరు కూడా ఆ డబ్బు ఆవిడ చేతిలోనే పెట్టండి.