మొండి రొమ్ము క్యాన్సర్‌పై శీతల ప్లాస్మా: రోగనిరోధక వ్యవస్థను మేల్కొలిపే యత్నం

రొమ్ము క్యాన్సర్లలో వేగంగా విస్తరించే రకాల్లో ‘ట్రిపుల్ నెగటివ్’ ఒకటి. ప్రపంచవ్యాప్తంగా నమోదయ్యే రొమ్ము క్యాన్సర్లలో దీని వాటా సుమారు 10 నుంచి 15 శాతం. 40 ఏళ్లలోపు మహిళల్లోనూ, బీఆర్‌సీఏ1 జన్యులోపం ఉన్నవారిలోనూ ఇది ఎక్కువగా కనిపిస్తుంది. ఈ కణితిలో ఈస్ట్రోజెన్, ప్రొజెస్టెరాన్ గ్రాహకాలు ఉండవు. హెచ్‌ఈఆర్-2 ప్రొటీన్ అధికంగా ఉండదు. అందువల్ల హార్మోన్ చికిత్స గానీ, హెచ్‌ఈఆర్-2ను లక్ష్యంగా చేసుకునే ట్రాస్టుజుమాబ్ గానీ సాధారణంగా ఉపకరించవు. ఇమ్యునోథెరపీ మందు పెంబ్రోలిజుమాబ్‌ను కీమోథెరపీతో కలిపి, తొలిదశలోనే ముప్పు అధికంగా ఉన్న రోగులకు వాడేందుకు 2021లో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతించింది. అయితే అందరిలోనూ అది ఫలించడం లేదు. ఈ నేపథ్యంలోనే పరిశోధకుల దృష్టి శీతల ప్లాస్మాపై పడింది.

ఏమిటీ ప్లాస్మా?

ఇది రక్తంలోని ప్లాస్మా కాదు. పదార్థపు నాలుగో స్థితి. ఎలక్ట్రాన్లు, అయాన్లతో కూడిన ఈ వాయువుకు 1928లో ఇర్వింగ్ లాంగ్‌మ్యూర్ ఆ పేరు పెట్టారు. సూర్యుడు, మెరుపు దీనికి ఉదాహరణలు. హీలియం, ఆర్గాన్ లేదా గాలి గుండా అధిక వోల్టేజీ విద్యుత్తును పంపితే శీతల ప్లాస్మా ఏర్పడుతుంది. ఇందులో ఎలక్ట్రాన్లు మాత్రమే అత్యధిక శక్తితో ఉంటాయి. వాయువు దాదాపు గది ఉష్ణోగ్రతలోనే ఉంటుంది. కనుక కణజాలం కాలిపోదు.

పనిచేసే తీరు

ప్లాస్మా నుంచి హైడ్రోజన్ పెరాక్సైడ్, నైట్రిక్ ఆక్సైడ్ వంటి చురుకైన అణువులు వెలువడతాయి. ఇవి క్యాన్సర్ కణాలపై ఆక్సీకరణ ఒత్తిడి పెంచి వాటిని చంపుతాయి. మరణించే కణాలు కాల్‌రెటిక్యులిన్ ప్రొటీన్‌ను తమ ఉపరితలంపైకి తెస్తాయి. ఏటీపీని, హెచ్‌ఎంజీబీ1 ప్రొటీన్‌ను బయటకు విడుదల చేస్తాయి. ఈ ప్రమాద సంకేతాలను గుర్తించిన డెండ్రైటిక్ కణాలు కణితి ఆనవాళ్లను సమీప శోషరస గ్రంథులకు చేర్చి, టి-కణాలకు చూపుతాయి. శిక్షణ పొందిన టి-కణాలు శరీరంలో ఇతర చోట్ల ఉన్న అటువంటి కణాలపైనా దాడి చేయగలవన్నదే అసలు ఆశ.

పరిమితులు

ఈ ఆధారాల్లో అధిక భాగం ప్రయోగశాలలోని కణాలు, ఎలుకలపై చేసిన పరీక్షలవే. చురుకైన అణువులు కణజాలంలోకి ఎక్కువ లోతుకు చొరబడలేవు. మోతాదు మించితే ఆరోగ్యకర కణాలకూ హాని తప్పదు. 2019లో ఎఫ్‌డీఏ ఆమోదం పొందిన తొలిదశ ప్రయోగంలో, కణితిని తొలగించిన చోట శస్త్రచికిత్స సమయంలోనే ప్లాస్మాను ప్రయోగించారు. పాల్గొన్నవారు 20 మంది. భద్రతను పరిశీలించడమే దాని ముఖ్యోద్దేశం.

శీతల ప్లాస్మా ఇంకా ప్రామాణిక చికిత్స కాదు. వైద్యులు సూచించిన శస్త్రచికిత్స, కీమోథెరపీలను దీనికోసం వాయిదా వేయడం ప్రాణాపాయానికి దారితీయవచ్చు.