గోడలోని లాకు

జొన్నాడ రేవున నిలిచి గౌతమిని చూచువారికి ఎగువనున్న ధవళేశ్వరపు తలుపులు కానరావు. అయినను అక్కడ నీటిమట్టము 11.75 అడుగులకు చేరి మొదటి హెచ్చరిక వెలువడెనన్న మాట చెవినిబడినంతనే లంకలవారు పశువులను మెరకకు తోలుకొందురు. 1852లో ఆర్థర్ కాటన్ దొర ముగించిన ఆనకట్టకు బదులుగా 1982 నాటికి లేచిన బరాజునకు 175 తలుపులు కలవు. నీటిని నిలుపుటకంటె నిలిపినదానిని అదనెరిగి విడుచుటయే కష్టమని ఆ తలుపులను కనిపెట్టుకొనియుండు లస్కర్లకు వేరుగ చెప్పనక్కరలేదు.

ఇంగ్లండులో మా అమ్మాయి యింట ఒక శీతకాలము గడపుచుండగా అట్టి తలుపొకటి నాకు బీరువా వెనుక గోడలో కానవచ్చినది. బాయిలరు కాచిన నీరు గొట్టములవెంట గదిగదికి పోయి ఇనుప పలకలను వేడిచేయును. ఆ నీటికి దారి యిచ్చి మూయునది పిడికిలియంత మోటారు వాల్వు. అది తెఱచుకొనునపుడు గుఱ్ఱుమనును, మూసికొనునపుడు ఠప్పుమనును. మా యింటివారికి నిద్ర లేదు.

ఇట్టి తలుపుల వంశమునకు మూలపురుషుడు మినియాపొలిస్ నగరవాసి ఆల్బర్ట్ బట్జ్. 1885లో అతడు కల్పించిన యంత్రము, గది చల్లబడినంతనే, ముందే చుట్టియుంచిన స్ప్రింగును విడిచి, గొలుసుతో బొగ్గుకొలిమి గాలితలుపును పైకి లాగెడిది. నిద్రలేచి కొలిమికడకు పోవు బాధ గృహస్థునకు తప్పినది. నేటి వాల్వులో పని తారుమారైనది: మోటారు పండ్లచక్రములను త్రిప్పి తలుపు తెఱచును, కరెంటు తొలగగనే స్ప్రింగు దానిని మూయును. తెఱచియున్నంతసేపు మోటారు ఆ స్ప్రింగుతో పెనుగులాడుచునే యుండును గనుక ఏండ్లు గడచినకొలది పండ్లు అరుగుట వింత కాదు.

అల్లునికి నేను చెప్పినది ఒక్కటే: చప్పుడు యంత్రమునదా, నీటిదా, ముందు తేల్చుకొనుము. తెలిసిన మెకానిక్కు వచ్చి కరెంటు ఆపి, రెండు మరలు విప్పి మోటారు తలను తొలగించి, ఇత్తడి కాడను వ్రేళ్లతో త్రిప్పిచూచెను. అది బిగిసియున్నచో దోషము వాల్వు బొందిలోనిది. నీరు దింపక తప్పదు. కాడ సులువుగా తిరిగినది. తల మాత్రమే మార్చిరి. చుక్క నీరు ఒలుకలేదు, గుఱ్ఱు పోయినది.

ఠప్పు మిగిలినది. పరుగెత్తు నీటికి తటాలున తలుపు వేసినచో గొట్టము అదరును. బొందిపై చెక్కిన బాణపుగుర్తునకు ఎదురుగా నీరు పోవుచున్నచో మఱింత అదరును. బాణము సరిగానే యుండెను. పంపు మాత్రము మూడవ వేగమున నుండెను. రెండవదానికి దింపగా చప్పుడు దగ్గంత అయినది.

అల్లుడిప్పటికిని నన్ను ఫోనులో, ‘లస్కరుగారూ, కులాసాయేనా?’ అనియే పలుకరించును.