యువత మాటలు, మీమ్‌లు – వ్యాపార సంస్థల ప్రతిస్పందన (2018–2025)

పరిచయం

ప్రతి తరం యువత పెద్దలకు అంతుపట్టని మాటలను, ఆటలను తనకంటూ కల్పించుకుంటుంది. అంతర్జాలం వచ్చాక అవి మీమ్‌ల రూపంలో కొద్ది రోజుల్లోనే దేశాలు దాటుతున్నాయి. అవి దుకాణంలోకి, సినిమా హాలులోకి వచ్చినప్పుడు వ్యాపారులు ఏం చేశారో అమెరికా, బ్రిటన్‌లలోని మూడు ఉదాహరణల ద్వారా పరిశీలిద్దాం.

1. ప్రమాదం, హెచ్చరిక

ప్రోక్టర్ అండ్ గాంబుల్ సంస్థ 2012లో ‘టైడ్ పాడ్స్’ అనే డిటర్జెంట్ గుళికలను అమెరికాలో ప్రవేశపెట్టింది. మిఠాయిల్లా కనిపించే వాటిని తినడం గురించిన హాస్యం 2018 జనవరి నాటికి నిజంగానే నోట్లో పెట్టుకునే సవాలుగా మారింది. యుక్తవయస్కులు కావాలని వాటి బారిన పడిన ఘటనలు 2016 సంవత్సరం మొత్తంలో 39 కాగా, 2018లో తొలి 15 రోజుల్లోనే 39 అమెరికా విషచికిత్స సమాచార కేంద్రాలకు చేరాయి. సంస్థ హెచ్చరిక వీడియో విడుదల చేసింది. యూట్యూబ్ ఆ సవాలు వీడియోలను తొలగించింది. అయితే అదే సంస్థ అదే ఏడాది ఏప్రిల్‌లో ‘ఎల్‌ఓఎల్’ వంటి యువత పొట్టి మాటలను తన సరుకులకు ట్రేడ్‌మార్కులుగా ఇవ్వాలని దరఖాస్తు చేసింది.

2. ఒకే మీమ్, రెండు వైఖరులు

2022 జూలైలో ‘మినియన్స్: ది రైజ్ ఆఫ్ గ్రూ’ చిత్రానికి కుర్రవాళ్లు సూట్లు ధరించి గుంపులుగా వెళ్లారు. కొందరి అల్లరి కారణంగా బ్రిటన్‌లోని కొన్ని సినిమా హాళ్లు సూట్లతో వచ్చినవారిని లోపలికి రానివ్వలేదు. బుద్ధిగా సినిమా చూడవచ్చినవారు కూడా వెనుదిరగవలసి వచ్చింది. చిత్రాన్ని విడుదల చేసిన యూనివర్సల్ మాత్రం వారిని బహిరంగంగా మెచ్చుకుంది. గొడవ హాలు యజమానిది, ప్రచారలాభం నిర్మాణ సంస్థది.

3. ఒక అంకె కథ

2025లో అమెరికా పిల్లల నోట ‘సిక్స్ సెవెన్’ అనే మాట మారుమోగింది. దానికి స్థిరమైన అర్థం లేదు. అయినా డిక్షనరీ డాట్ కామ్ దానిని ఆ ఏటి మాటగా ప్రకటించింది. ఆర్డరు సంఖ్యగా 67 పిలవగానే పిల్లలు కేకలు వేస్తుండడంతో ఇన్-ఎన్-అవుట్ బర్గర్ సంస్థ ఆ సంఖ్యనే తొలగించింది. పిజ్జా హట్ అదే అంకెను ధరగా మార్చి, కోడి రెక్కలను 67 సెంట్లకు అమ్మింది.

సారాంశం

వ్యాపార సంస్థ స్పందన మీమ్ స్వభావం కంటే, దాని భారం ఎవరిపై పడుతుందన్న దానిపైనే ఎక్కువగా ఆధారపడిందని ఈ ఉదాహరణలు సూచిస్తున్నాయి. భారం తనపై పడితే అడ్డుకుంది, లాభం కనబడితే అమ్ముకుంది. ఈ రెండింటి మధ్య కౌంటరు దగ్గర నిలబడే ఉద్యోగి శ్రమ, తమ మాట తమదిగా ఉండాలన్న యువత కోరిక ఎవరి లెక్కలోకీ రాలేదు. నిషేధించిన మాట మరింత రుచిస్తుంది. ప్రకటనలోకి ఎక్కిన మాటను యువతే వదిలి, కొత్తది వెతుక్కుంటుంది.

మీ ప్రగతిని సమీక్షించుకోండి

ఒకే మీమ్ పట్ల సినిమా హాళ్లు, చిత్ర నిర్మాణ సంస్థ భిన్నంగా స్పందించడానికి కారణాలను వివరించండి.