పరిమితికి లోబడిన నీళ్లు: సిద్దిపేట భూగర్భజలాల్లో ఫ్లోరైడ్, ఆరోగ్యం, ఆయుష్షు

సారాంశం

సిద్దిపేట ప్రాంతపు భూగర్భజలాల్లోని ఫ్లోరైడ్‌ను ఈ వ్యాసం లీటరు లెక్కన కాక, మనిషి రోజుకు తాగే నీటి లెక్కన పరిశీలిస్తుంది. పరిమితికి లోబడిన నీళ్లు కూడా ఎండలో పనిచేసేవారికి నిరపాయం కాకపోవచ్చునని, వేరే జలవనరు అందిన చోట ఆ పరిమితినే సవరించుకోవాలని ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: ఫ్లోరోసిస్, గ్రానైటు నేలలు, బోరునీరు, మిషన్ భగీరథ

1. నేపథ్యం

ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లను, ఎముకలను దెబ్బతీసే ఫ్లోరోసిస్ తెలుగు నేలకు కొత్త కాదు. మన దేశంలో ఈ వ్యాధి గురించిన తొలి నివేదిక 1937లో నాటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా పల్లెల నుంచి వచ్చింది. 1973లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు కృష్ణమాచారి, కృష్ణస్వామి ఫ్లోరోసిస్ పీడిత ప్రాంతంలో మోకాళ్లు లోపలికి వంగే వైకల్యాన్ని 'లాన్సెట్' పత్రికలో వివరించారు. ఆ తర్వాత ఈ వ్యాధికి నల్లగొండే చిరునామా అయింది. పటిక, సున్నంతో ఫ్లోరైడ్‌ను తొలగించే పద్ధతికీ ఆ ఊరి పేరే పెట్టారు. అలాంటి గ్రానైటు నేలే ఉన్న సిద్దిపేట మాత్రం చర్చలో వెనకబడింది.

2. రాయి, నీరు

నర్సింహ, సుదర్శన్ 2017లో ప్రచురించిన అధ్యయనంలో సిద్దిపేట ప్రాంతం నుంచి 104 భూగర్భజల నమూనాలను పరీక్షించారు. ఫ్లోరైడ్ లీటరుకు 0.2 నుంచి 2.2 మిల్లీగ్రాముల దాకా ఉంది, సగటు 1.1. దాదాపు 22 శాతం నమూనాలు తాగునీటికి గరిష్ఠంగా అనుమతించే 1.5 పరిమితిని దాటాయి. ఆ ప్రాంతంలో దంత ఫ్లోరోసిస్ ఉందని కూడా వారు నమోదు చేశారు.

గ్రానైటులోని ఫ్లోరైటు, అభ్రకం వంటి ఖనిజాల నుంచి ఫ్లోరైడ్ నీటిలోకి దిగుతుంది. నీటిలో కాల్షియం ఎక్కువగా ఉంటే దాన్ని పట్టి ఉంచుతుంది. కాల్షియం తగ్గి, సోడియం, బైకార్బొనేటు పెరిగిన నీటిలో ఆ కట్టు సడలుతుంది.

ఇక్కడే వంటింటి పరీక్ష దారి తప్పిస్తుంది. పప్పు ఉడకని నీళ్లను ఇల్లాలు ఉప్పునీళ్లని పక్కనపెడుతుంది. తొందరగా ఉడికితే మంచినీళ్లంటుంది. కానీ పప్పును మెత్తగా ఉడికించే సోడియం బైకార్బొనేటు నీళ్లలోనే ఫ్లోరైడ్ ఎక్కువగా ఉండే అవకాశం ఉంది. దానికి రంగు, రుచి, వాసన లేవు. కాచితే పోదు సరికదా, నీరు ఇగిరేకొద్దీ చిక్కబడుతుంది.

3. ఒంటికి చేరే మోతాదు

1.5 మిల్లీగ్రాముల పరిమితిని రోజుకు రెండు లీటర్లు తాగే మనిషికి వర్తిస్తే, ఒంటికి చేరేది 3 మిల్లీగ్రాములు. మే నెలలో పొలంలోనో ఉపాధి హామీ పనిలోనో ఉన్నవారు ఐదు లీటర్లు తాగుతారనుకుందాం. సగటు 1.1 నీళ్లతోనే 5.5 మిల్లీగ్రాములు, 2.2 నీళ్లతో 11 మిల్లీగ్రాములు చేరతాయి. అన్నం, చాయ్ ద్వారా వచ్చేది అదనం. రోజుకు మొత్తం 6 మిల్లీగ్రాములు దాటితే ఎముకలకు ముప్పు పెరగవచ్చని, 14 దగ్గర అది స్పష్టమని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. అంటే బావి 'పాస్' అయినా కూలీ 'ఫెయిల్' కావచ్చు.

4. ఆయుష్షు లెక్క

ఫ్లోరైడ్ నేరుగా ప్రాణం తీసిందని మరణ ధ్రువపత్రం చెప్పదు. అది కోసేది పనిచేసే ఏళ్లను. పాలపళ్లు ఊడి కొత్తవి వచ్చే వయసులో పంటిపై తేలిన గోధుమరంగు గీత, ఎనామెల్ ఏర్పడిన తొలి ఏళ్లలో బిడ్డ తాగిన నీటికి సాక్ష్యం. ఎముకల్లో చేరింది మాత్రం ఏళ్ల తరబడి బయటపడదు. నడుం వంగదు, మెడ తిరగదు. అందువల్ల మనిషి ఎన్నేళ్లు బతికాడన్న దానికన్నా, ఎన్నేళ్లు తన పని తాను చేసుకున్నాడన్నదే ఇక్కడ సరైన కొలమానం.

5. ముగింపు

భారతీయ ప్రమాణం ప్రకారం ఆమోదయోగ్యమైన ఫ్లోరైడ్ 1.0 మాత్రమే, వేరే జలవనరు లేనప్పుడే 1.5 దాకా సడలింపు. 2016 ఆగస్టు 7న గజ్వేల్ దగ్గరి కోమటిబండలో ఇంటింటికీ తాగునీరందించే మిషన్ భగీరథ పథకం ప్రారంభమైంది. ఈ జిల్లాకు నల్లా నీరు వచ్చింది. నల్లా ఉన్న ఊళ్లో ఆ సడలింపుకు కారణం లేదు. అప్పుడు గీత 1.0 అవుతుంది, 2017 అధ్యయనంలోని సగటు నీళ్లే దాన్ని దాటుతాయి. నల్లా ఇంటి దాకా వచ్చింది. పొలం గట్టు మీద దప్పిక తీర్చేది ఇంకా బోరే. ఇకమీదటి నీటి పరీక్ష అక్కడి నుంచి మొదలుకావాలి.