సీయూఈటీ ఇంగ్లిష్: తెలిసిన మాటే ఎందుకు మార్కులు పోగొడుతుంది? సందర్భంలో పదాలు నేర్చుకోవడం ఎలా?

‘‘పథకాన్ని కమిటీ సభ్యులు మెచ్చుకున్నారు. అయితే ఖర్చు విషయంలో వారికి కొన్ని రిజర్వేషన్లు ఉన్నాయి.’’

ఈ వాక్యంలో రిజర్వేషన్లు అంటే ఏమిటి? కోటాలా, రైలు టికెట్లా, నిల్వలా, సందేహాలా? సరైన జవాబు సందేహాలు. తెలుగు ఇంట్లో పెరిగిన విద్యార్థికి ఈ ప్రశ్న తేలిగ్గా అనిపించాలి. ఎందుకంటే రిజర్వేషన్ అనే మాట చిన్నప్పటి నుంచీ వింటున్నదే. చిక్కు కూడా అక్కడే ఉంది. తెలియని పదం దగ్గర విద్యార్థి ఆగి ఆలోచిస్తాడు. తెలిసిందనుకున్న పదం దగ్గర ఆగడు.

గురుగ్రామ్‌లో ఉద్యోగాల కోసం స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలు ఇంటర్ తర్వాత ఢిల్లీ యూనివర్సిటీ (డీయూ) వైపు చూడటం సహజం. మిలీనియం సిటీ సెంటర్‌లో ఎల్లో లైన్ మెట్రో ఎక్కితే నేరుగా విశ్వవిద్యాలయ స్టేషన్‌లో దిగవచ్చు. తిరుమల తిరుపతి దేవస్థానం 1961లో స్థాపించిన శ్రీ వెంకటేశ్వర కాలేజీ కూడా డీయూలో భాగమే. కానీ ఇప్పుడు ఆ కాలేజీల దారి 12వ తరగతి మార్కుల మీదుగా కాదు, సీయూఈటీ మీదుగా వెళ్తుంది. అందులో ఇంగ్లిష్ పేపర్‌ను చాలామంది ‘ఎలాగూ వచ్చేదే’ అని చివరికి వదిలేస్తారు.

సీయూఈటీలో భాషా పేపర్ బరువెంత?

2021లో డీయూలోని కొన్ని కోర్సులకు కటాఫ్ 100 శాతానికి చేరింది. మరుసటి ఏడాది, అంటే 2022 నుంచి, కేంద్రీయ విశ్వవిద్యాలయాల డిగ్రీ ప్రవేశాలకు సీయూఈటీ యూజీ మొదలైంది. దీన్ని నేషనల్ టెస్టింగ్ ఏజెన్సీ (ఎన్‌టీఏ) నిర్వహిస్తోంది. డీయూ, జేఎన్‌యూలతో పాటు అనంతపురంలోని ఆంధ్రప్రదేశ్ కేంద్రీయ విశ్వవిద్యాలయం కూడా ఈ స్కోరునే తీసుకుంటుంది.

2025లో పరీక్ష స్వరూపం మారింది. మొత్తం 37 సబ్జెక్టులు: 13 భాషలు, 23 డొమైన్ సబ్జెక్టులు, ఒక జనరల్ ఆప్టిట్యూడ్ టెస్ట్. విద్యార్థి గరిష్ఠంగా 5 ఎంచుకోవచ్చు. ఒక్కో పేపర్‌లో 50 ప్రశ్నలు, 60 నిమిషాలు. అన్నీ రాయాల్సినవే, మునుపటిలా కొన్ని వదిలేసే వీలు లేదు. సరైన జవాబుకు 5 మార్కులు, తప్పుకు ఒక మార్కు కోత.

డీయూ బీఏ ఆనర్స్ కోర్సుల్లో చాలావాటికి ఒక భాష, మూడు సబ్జెక్టుల స్కోరు కలిపి ర్యాంకు ఇస్తారు. అంటే భాషా పేపర్‌లో ఒక్క తప్పు జవాబుకు, ఒక్క ఒప్పు జవాబుకు మధ్య తేడా 6 మార్కులు. సీటు దక్కడం, దక్కకపోవడం ఒకటి రెండు మార్కుల మీద తేలే చోట ఇది చిన్న తేడా కాదు.

పదాల మీద ప్రశ్నలు ఎలా వస్తాయి?

ఇంగ్లిష్ పేపర్‌లో మూడు రకాల పాసేజ్‌లు ఉంటాయి: సమాచారం చెప్పేవి, కథనాత్మకమైనవి, సాహిత్యానికి సంబంధించినవి. వీటితో పాటు సరైన పదం ఎంచుకోవడం, సమానార్థక, వ్యతిరేక పదాలు, వాక్య భాగాలను వరుసలో పెట్టడం వంటివి అడుగుతారు. పాసేజ్‌లోని ఒక పదాన్ని చూపించి ‘ఇక్కడ దీని అర్థం ఏమిటి’ అని అడిగితే, డిక్షనరీలోని మొదటి అర్థం చాలాసార్లు పనికిరాదు.

మిగతా పరీక్షలు కూడా ఇదే దారిలో ఉన్నాయి. లా ప్రవేశాల కోసం జరిగే క్లాట్ 2020లో పాసేజ్‌ల ఆధారిత పరీక్షగా మారింది. అమెరికా కాలేజీల కోసం రాసే శాట్‌లో అరుదైన పదాలను బట్టీ పట్టి ఖాళీలు నింపే పద్ధతి 2016లో పోయింది. ఇప్పటి డిజిటల్ శాట్‌లో ‘వర్డ్స్ ఇన్ కాంటెక్స్ట్’ పేరుతోనే ఒక రకం ప్రశ్నలు ఉన్నాయి.

తెలుగులో స్థిరపడిన ఇంగ్లిష్ మాటలతో చిక్కేమిటి?

ఇంగ్లిష్ నుంచి మనం తెచ్చుకున్న మాటలు సాధారణంగా ఒక్క అర్థంతోనే ఇంటికొస్తాయి. మిగతా అర్థాలు అక్కడే ఉండిపోతాయి. కొన్ని ఉదాహరణలు చూడండి.

- కరెంట్: మనకు విద్యుత్తు. పాసేజ్‌లో ‘ప్రస్తుత’ కావచ్చు, నీటి ప్రవాహం కావచ్చు.
- టెంపర్: మనకు కోపం. క్రియగా వాడితే తీవ్రత తగ్గించడం. ‘కొత్త లెక్కలు వారి ఉత్సాహాన్ని టెంపర్ చేశాయి’ అంటే ఉత్సాహం కాస్త చల్లబడిందని.
- నావెల్: మనకు నవల. విశేషణంగా ‘కొత్త’. నావెల్ కరోనా వైరస్ అన్నప్పుడు విన్నది ఈ అర్థమే.
- అరెస్ట్: మనకు పోలీసుల పని. ‘క్షీణతను అరెస్ట్ చేయడం’ అంటే ఆపడం.
- క్వాలిఫైడ్: మనకు అర్హత ఉన్న వ్యక్తి. ‘క్వాలిఫైడ్ సపోర్ట్’ అంటే షరతులతో కూడిన మద్దతు.
- శాంక్షన్: లోన్ శాంక్షన్ అయిందంటే మంజూరైనట్టు. ఒక దేశంపై శాంక్షన్లు విధించారంటే ఆంక్షలు. ఒకే మాటకు దాదాపు ఎదురెదురు అర్థాలు.

వీటిలో ఏదీ విద్యార్థికి ‘కఠిన పదం’గా అనిపించకపోవచ్చు. అందుకే వెయ్యి పదాల పుస్తకం పూర్తిచేసిన విద్యార్థి కూడా ఇక్కడ తడబడే అవకాశం ఉంది.

హిందీ మధ్య పెరిగినవారికి ఉన్న అనుకూలత

గురుగ్రామ్‌లో పెరిగిన తెలుగు పిల్లలకు ఈ చిక్కు కొత్తది కాదు. ఇంట్లో శిక్ష అంటే దండన, స్కూల్లో హిందీ టీచర్ నోట శిక్షా అంటే చదువు. ఉపన్యాసం మనకు ప్రసంగం, హిందీలో నవల. అవసరం మనకు అక్కర, హిందీలో అవకాశం. ఆలోచన మనకు తలపు, హిందీలో ఆలోచనా అంటే విమర్శ. చరిత్ర మనకు గతం, హిందీలో చరిత్ర్ అంటే నడవడిక.

ఊరి నుంచి వచ్చిన అమ్మమ్మతో మాట్లాడేటప్పుడు ఒక అర్థం, క్లాసులో మరో అర్థం. ఎవరు, ఎక్కడ, ఏ సందర్భంలో అన్నారో చూసి పిల్లలు క్షణంలో సర్దుకుంటారు. ఇంగ్లిష్ పాసేజ్‌లో కావాల్సింది ఆ నేర్పే. రెండు భాషల మధ్య చేసే పనిని ఒకే భాషలోని రెండు వాక్యాల మధ్య చేయాలి.

చదువుతూ పోతే పదాలు వాటంతట అవే వస్తాయా?

వస్తాయి, కానీ నెమ్మదిగా. సందర్భం నుంచి పదాలు నేర్చుకోవడంపై విలియం నాగీ, ప్యాట్రీషియా హెర్మన్, రిచర్డ్ ఆండర్సన్ 1985లో చేసిన పరిశోధన ప్రసిద్ధం. ఒక్కసారి కనిపించినంత మాత్రాన కొత్త పదం పట్టుబడే అవకాశం తక్కువేనని అందులో తేలింది. 1999లో 20 ప్రయోగాలను కలిపి చూసిన మరో విశ్లేషణలో, మామూలుగా చదివేటప్పుడు ఎదురైన తెలియని పదాల్లో సుమారు 15 శాతమే నేర్చుకుంటున్నట్టు వచ్చింది.

పైగా ప్రతి వాక్యమూ సాయం చేయదు. ఇసబెల్ బెక్, ఆమె సహ పరిశోధకులు 1983లోనే ఈ సంగతి చెప్పారు: కొన్ని సందర్భాలు అర్థాన్ని చూపిస్తాయి, కొన్ని ఏమీ చెప్పవు, కొన్ని తప్పుదారి పట్టిస్తాయి. ‘దారిలో ఆమె తన గ్రెగేరియస్ స్నేహితురాలిని చూసింది’ అన్న వాక్యంతో ఏమీ తెలియదు. ‘కొత్తవారితో ఇట్టే మాట కలిపే అంత గ్రెగేరియస్ మనిషి, ఆ రోజు ఒంటరిగా కూర్చున్నాడు’ అంటే అర్థం తెలిసిపోతుంది: నలుగురిలో కలిసిపోయేవాడు. మొదటి రకం వాక్యంలో డిక్షనరీ తెరవాలి. రెండో రకంలో ముందు ఊహించి, తర్వాత సరిచూసుకోవాలి.

చదివే పాఠం స్థాయి కూడా ముఖ్యమే. పాఠం బాగా అర్థం కావాలంటే అందులోని పదాల్లో 98 శాతం తెలిసి ఉండాలని హు, నేషన్ 2000లో చేసిన అధ్యయనం సూచించింది. అంటే వంద పదాలకు రెండు కొత్తవి. పది కొత్త పదాలుంటే అది సాధనకు పనికొచ్చే పాఠం కాదు. ఇంకొంచెం తేలికైనది తీసుకోండి.

సాధన ఎలా చేయాలి?

1. ముందు ఆప్షన్లు మూసేయండి. వాక్యం చదివి, ఆ చోట ఏ మాట సరిపోతుందో తెలుగులోనే అనుకోండి. తర్వాత ఆప్షన్లు చూడండి.

2. మలుపు మాటలు వెతకండి. ‘అయితే’, ‘అయినప్పటికీ’, ‘అందువల్ల’, ‘పైగా’ అనే అర్థమిచ్చే ఇంగ్లిష్ మాటలు వాక్యం ఎటు తిరుగుతుందో చెబుతాయి. మొదటి ఉదాహరణలో మెచ్చుకున్న తర్వాత ‘అయితే’ వచ్చింది. కాబట్టి తర్వాత రాబోయేది మెప్పు కాదు.

3. ఎంచుకున్న పదాన్ని పెట్టి మొత్తం వాక్యం మళ్లీ చదవండి. అర్థం సరిపోయినా జత కుదరకపోవచ్చు. తెలుగులో గాఢ నిద్ర అంటాం, కుండపోత వాన అంటాం. గాఢ వాన అనం. ఇంగ్లిష్‌లోనూ హెవీ రెయిన్ అంటారు, స్ట్రాంగ్ రెయిన్ అనరు.

4. నోట్‌బుక్‌లో పదం కాదు, వాక్యం రాయండి. నాలుగు గళ్లు చాలు: కనిపించిన వాక్యం, అక్కడి అర్థం, అదే పదానికి మరో అర్థం, మీ సొంత వాక్యం. రోజుకు ఐదు పదాలు మించవద్దు.

5. మళ్లీ చదవడం కన్నా మళ్లీ గుర్తు తెచ్చుకోండి. గుర్తుచేసుకునే పరీక్ష పెట్టుకున్నవారికి వారం తర్వాత ఎక్కువ గుర్తుంటుందని రోడిగర్, కార్పికే 2006లో చూపారు. అర్థం గడిని చేత్తో మూసి, వాక్యం చూసి చెప్పండి. మరుసటి రోజు, మూడో రోజు, వారానికి, మూడు వారాలకు ఇలా చేయండి. తప్పిన పదాన్ని మళ్లీ మొదటి రోజుకు తెచ్చుకోండి.

6. ఒకే అంశాన్ని రెండు భాషల్లో చదవండి. ఒకే వార్త మీద తెలుగు పత్రిక సంపాదకీయం, ఇంగ్లిష్ పత్రిక సంపాదకీయం పక్కపక్కన పెట్టండి. విషయం ముందే తెలుసు కాబట్టి ఇంగ్లిష్‌లోని కొత్త పదం అర్థం ఊహకు అందుతుంది.

ఊహించి పెట్టవచ్చా?

లెక్క చూద్దాం. నాలుగు ఆప్షన్లలో కళ్లు మూసుకుని ఒకటి పెడితే సగటున వచ్చేది అర మార్కు. సందర్భం చూసి ఒక ఆప్షన్ కొట్టేస్తే సగటు ఒక మార్కు. రెండు కొట్టేస్తే 2 మార్కులు. అర్థం కచ్చితంగా తెలియకపోయినా, ఆ చోట కుదరనివి ఏవో గుర్తించడం విలువైనదే. పాసేజ్ సాధనలో ఈ అలవాటు కూడా భాగం కావాలి.

ఇంగ్లిష్ బదులు తెలుగు పేపర్ రాయవచ్చా?

13 భాషల్లో తెలుగు ఉంది. అయితే మాట్లాడటం వచ్చి చదవడం రాని పిల్లలకు అది సులభ మార్గం కాదు; అందులోనూ పాసేజ్‌లే ఉంటాయి. ఇంగ్లిష్ ఆనర్స్ వంటి కోర్సులకు ఇంగ్లిష్ పేపరే కావాలి. సైన్స్ ఆనర్స్ కోర్సుల్లో భాషా పేపర్ పాత్ర వేరుగా ఉంటుంది. కాబట్టి దరఖాస్తుకు ముందు ఆ ఏడాది ఎన్‌టీఏ బులెటిన్‌తో పాటు యూనివర్సిటీ ఇచ్చే అర్హత నిబంధనలూ చూడాలి.

తల్లిదండ్రులు ఏం చేయగలరు?

ఖరీదైన పదాల పుస్తకం కొనడం కన్నా రాత్రి భోజనాల దగ్గర పది నిమిషాలు ఎక్కువ పనిచేస్తాయి. ఆ రోజు నోట్‌బుక్‌లో రాసిన ఒక వాక్యాన్ని తెలుగులో చెప్పించండి. మాటకు మాట అనువాదం వద్దు; ఇంట్లో ఆ సంగతిని ఎలా చెప్పుకుంటామో అలా. ‘కమిటీ వాళ్లకు నచ్చింది గానీ, ఖర్చు దగ్గర కాస్త అనుమానంగానే ఉన్నారు’ అని పిల్లలు చెప్పగలిగితే రిజర్వేషన్లు అనే మాట వాళ్లకు వచ్చినట్టే. చెప్పలేకపోతే, డిక్షనరీ అర్థం అప్పజెప్పినా ఆ పదాన్ని మరుసటి రోజు జాబితాలో ఉంచండి.