వారసత్వ వాణిజ్య కట్టడం మొజంజాహీ మార్కెట్

హైదరాబాదు నగరం నడిబొడ్డున, అబిడ్స్, నాంపల్లి, అఫ్జల్‌గంజ్ వైపు దారులు కలిసే కూడలిలో మొజంజాహీ మార్కెట్ ఉన్నది. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ పాలనలో 1935లో నిర్మితమైన ఈ మార్కెట్‌కు ఆయన రెండవ కుమారుడు మొజంజా పేరు పెట్టారు.

నిర్మాణ శైలి: కట్టడమంతా గ్రానైటు రాతితో నిర్మించారు. కూడలికి అభిముఖంగా గడియార గోపురం, దానికి ఇరువైపులా వీధుల వెంబడి సాగే దుకాణాల వరుసలు, వాటి నడుమ విశాలమైన ఆవరణ దీని ప్రత్యేకతలు. గడియార గోపురంతో మార్కెట్లు నిర్మించే పద్ధతి విక్టోరియా కాలంనాటిది. 1869లో పూర్తయిన ముంబయి క్రాఫర్డ్ మార్కెట్ ఇందుకు ఉదాహరణ. ఇక్కడ దానికి ఉస్మానియా శైలి తోరణాలు, గుమ్మటాలు తోడయ్యాయి.

పునరుద్ధరణ: పండ్ల టోకు వ్యాపారం గడ్డిఅన్నారానికి తరలిపోయిన తరువాత చిల్లర దుకాణాలు మిగిలాయి. కాలక్రమంలో రేకుల పందిళ్లు, నామఫలకాలు, విద్యుత్ తీగలు రాతి గోడలను కప్పివేశాయి. 2018లో చేపట్టిన పనులలో అదనపు కట్టడాలను తొలగించి, రాతిని శుభ్రపరచి, పైకప్పుకు మరమ్మతులు చేశారు. 2020 ఆగస్టులో మార్కెట్‌ను పునఃప్రారంభించారు.

ఇది ప్రదర్శనశాల కాదు. నిత్యం క్రయవిక్రయాలు జరిగే స్థలం. ప్రతి దుకాణం ముందు అమర్చే పందిరి, ఫలకం కట్టడం రూపాన్ని మారుస్తాయి. అందువల్ల దీని పరిరక్షణ ఒకసారి చేసిన మరమ్మతులతో ముగియదు. వ్యాపారుల జీవనోపాధికి భంగం కలుగకుండా, వారి సహకారంతో నిరంతరం సాగవలసిన బాధ్యత ఇది.