కోరంగి రేవు – మారిషస్ రాళ్ళు

మారిషస్ చెరకు తోటల నడుమ అక్కడక్కడ నల్లరాళ్ళ కుప్పలు మొండి గోపురాల వలె నిలిచి ఉంటాయి. నేలను సాగుకు తేవడానికి మొదట బానిసలు, వారి తరువాత భారతదేశం నుండి వెళ్ళిన ఒప్పంద కూలీలు చేతులతో ఏరి పేర్చిన రాళ్ళవి. 1834 తరువాత ఆ దీవికి చేరిన తెలుగువారిలో అనేకులు గోదావరి సాగరసంగమానికి చేరువనున్న కోరంగి రేవులో ఓడ ఎక్కినవారు. అందుచేతనే వారికి అక్కడ కోరంగీలనే పేరు వచ్చింది. వారి కష్టాలను గూర్చి వ్రాసినవారున్నారు. వారు మోసిన రాయికీ ఒక చరిత్ర ఉంది.

ఆ రాయి బసాల్టు, చల్లారిన లావా. 1836లో బీగిల్ ఓడపై వచ్చిన చార్లెస్ డార్విన్, దీవి అంచున వలయంగా నిలిచిన కొండలలో శిలల పొరలు వెలుపలికి వాలి ఉండడం గమనించాడు. అవి ఒకే మహాగ్నిపర్వతపు శేషాలని తలపోశాడు. అగ్నిపర్వత ద్వీపాలను గూర్చి 1844లో ఆయన ప్రకటించిన గ్రంథంలో ఈ చర్చ ఉంది.

నడిసముద్రంలో ఆ నిప్పు ఎక్కడిది? 1963లో టూజో విల్సన్ హవాయి దీవుల వరుసను చూపి ఒక సమాధానం చెప్పాడు. భూగర్భంలో ఒక ఉష్ణస్థానం ఉంటుంది. దానిపై సముద్రపు నేల జరిగిపోతూ ఉంటుంది. పొయ్యి కదలదు, పెనం కదులుతుందన్నమాట. 1971లో జేసన్ మోర్గన్ ఈ భావాన్ని విస్తరించాడు.

మన పొయ్యి నేడు రీయూనియన్ దీవి దగ్గర ఉంది. సముద్రపు అడుగు నుండి దాదాపు 7 కిలోమీటర్లు లేచిన ఆ దీవిలో పీటన్ ద లా ఫోర్నేజ్ ఇప్పటికీ తరచు లావా కక్కుతుంది. మారిషస్ పాత శిలల వయస్సు సుమారు 90 లక్షల ఏళ్ళు. 1987లో నౌక నుండి సముద్రగర్భాన్ని తొలిచినప్పుడు, ఉత్తరానికి పోయినకొద్దీ శిలల వయస్సు పెరుగుతుందని తేలింది. మాల్దీవుల పగడపు గుట్టల క్రింది బసాల్టుకు సుమారు 5.7 కోట్ల ఏళ్ళు. మధ్యలో సముద్రపు నేల చీలి ఎడమైనందున ఈ హారం నేడు రెండు తునకలుగా ఉంది.

హారానికి ఉత్తరపు కొస మన దక్కన్ పీఠభూమి. సుమారు 6.6 కోట్ల ఏళ్ళ నాడు అక్కడ పొంగిన లావా పొరలు పొరలుగా గడ్డకట్టింది. వాటిని దక్కన్ ట్రాప్స్ అంటారు. ఈ ట్రాప్ వల కాదు, మెట్టు అని అర్థమిచ్చే స్వీడిష్ మాట. తెలంగాణ పడమటి అంచులలోని నల్లరేగడి చాలా వరకు ఆ రాయి అరిగిన మన్నే. అంతకంటె అబ్బురమైనది రాజమహేంద్రవరపు బసాల్టు. కాతేరు దగ్గర, నది కావలి ఒడ్డున పంగిడి దగ్గర అది కనబడుతుంది. దాని రసాయన లక్షణాలు మహాబలేశ్వర ప్రాంతపు లావాతో సరిపోలాయి. సుమారు 1000 కిలోమీటర్లు ప్రవహించి వచ్చిన లావా అని 2008లో శాస్త్రజ్ఞులు వాదించారు. నాకు ఆ వాదమే సబబుగా తోస్తుంది.

అంటే కోరంగికి ఎగువన గోదావరి గట్టునున్న రాయీ, మారిషస్ తోటలో కూలీ తలకెత్తుకున్న రాయీ ఒకే పొయ్యిలో కాగినవి. వయస్సులో మాత్రం కోట్ల ఏళ్ళ అంతరం. ఆ సంగతి ఎత్తినవానికి తెలియదు. ఎత్తించినవానికీ తెలియదు. యంత్రాలతో చెరకు సేద్యం మొదలయ్యాక ఆ కుప్పలను చాలాచోట్ల తొలగించారు. మిగిలినవాటి చుట్టూ ఇప్పటికీ చెరకు పెరుగుతోంది.